చివరి పెట్టెలో మనిషి

మా నాన్న 2025 ఫిబ్రవరిలో పోయారు. 1932లో పుట్టిన మనిషి, తొంభై రెండు నిండాయి. పెద్దకర్మ రోజు సత్యనారాయణపురంలో మా ఇంటికి వచ్చిన వాళ్లలో సగం మంది నాకు ముఖం తెలియని వాళ్లే. రైల్వేలో రిటైరైన వాళ్లు, పొద్దున్నే గ్రౌండులో ఆడేవాళ్లు, ఎప్పుడో చిన్నప్పుడు ఆయన దగ్గర ఈత నేర్చుకున్నామని చెప్పిన నడివయసు వాళ్లు. భోజనాలయ్యాక ఒక్కొక్కరూ ఒక్కో కథ తీశారు. వరద నీళ్లలో కృష్ణ ఈదిన కథ, సైకిలు మీద హంసలదీవి దాకా వెళ్లిన కథ, డెబ్భై దాటాక కేదారం ఎక్కిన కథ. ఒకాయన "మీ నాన్నగారిది మొండి ధైర్యం అమ్మా, వెనకాముందూ చూసేవారు కాదు" అన్నారు. ప్రేమతోనే అన్నారు, నేనూ తల ఊపాను. కానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నాన్న వెనక్కి చూసుకున్నంతగా నాకు తెలిసిన ఇంకెవరూ చూసుకోలేదు. ఆయన ఉద్యోగమే అది.

నాన్న గార్డు. ఇప్పుడు ఆ పోస్టు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు గానీ మా ఇంట్లో గార్డే. గూడ్స్ బండ్లతో మొదలుపెట్టి ప్యాసింజర్ల మీదకి, తర్వాత మెయిల్, ఎక్స్‌ప్రెస్‌ల మీదకి వచ్చి 1990లో రిటైరయ్యారు, అప్పట్లో యాభై ఎనిమిదికే రిటైర్మెంటు. బండికి ముందు డ్రైవరు ఉంటాడు, అందరికీ కనిపిస్తాడు. చివరి పెట్టెలో గార్డు ఉంటాడు, బండి దాటిపోయాక ఎప్పుడో ఒక పచ్చ జెండా ఊగితే తప్ప ఎవరికీ గుర్తు రాడు. ఆయన వెంట ఒక లైన్ బాక్స్ ఉండేది, నల్ల రేకు పెట్టె, మూత మీద తెల్ల రంగుతో పేరు. అందులో ఎర్ర జెండా, పచ్చ జెండా, చేతి దీపం, రూల్సు పుస్తకం, గుండ్రటి డబ్బాలో డిటోనేటర్లు. చిన్నప్పుడు మేము ఆ డబ్బా ముట్టుకోబోతే చెయ్యి మీద ఒక్కటి పడేది. ఎందుకో తర్వాత చెప్పారు. బండి రెండు స్టేషన్ల మధ్యలో ఏదో అయి ఆగిపోయిందనుకోండి, వెనక నుంచి ఇంకో బండి వచ్చి గుద్దకుండా చూడాల్సింది గార్డే. దిగి, దీపం పట్టుకుని, పట్టాల వెంట వెనక్కి నడవాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు పట్టాకి బిగించాలి, ఇంకా వెనక్కి వెళ్లి 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. వచ్చే బండి చక్రం ఎక్కగానే అవి ఢామ్మని పేలతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. వాన పడుతున్నా, అమావాస్య చీకటైనా, పక్కన పామున్నా ఆ నడక తప్పదు. నాన్న ఆ నడక నడిచారు, ఒకసారి కాదు. దాని గురించి అడిగితే "డ్యూటీ కదమ్మా" అని ఊరుకునేవారు. కృష్ణ ఈదడం గురించి మాత్రం గంటసేపు చెప్పేవారు.

ఈ చివర ఉండే అలవాటు ఆయనకి ఇంట్లో కూడా వచ్చేసింది. గాంధీ కొండ ఎక్కినా, దుర్గ గుడి మెట్లు ఎక్కినా, కొండపల్లి ఖిల్లా చూడ్డానికి వెళ్లినా మేమంతా ముందు, నాన్న అందరికంటే వెనక. మేము ఎంత నెమ్మదిగా నడిస్తే ఆయనా అంత నెమ్మది. మధ్య మధ్యలో తలలు లెక్కపెట్టుకోవడం. పెళ్లికి వెళ్లినా లెక్కే. మా మేనత్తలు నవ్వేవాళ్లు, "అన్నయ్యా, మేమేం వ్యాగన్లమా" అని.

ఆటల్లో ఆయనది బాల్ బ్యాడ్మింటన్. ఇప్పటి పిల్లలకి బ్యాడ్మింటన్ అంటే షటిలే, కానీ మన కోస్తా ఊళ్లలో యాభైలు, అరవైల్లో పెద్ద ఆట ఇది. పసుపు ఉన్ని బంతి, బయట మట్టి కోర్టు, అటు ఐదుగురు ఇటు ఐదుగురు, అందుకే "ఫైవ్స్" అనేవాళ్లు. బంతి బరువు ముప్పై గ్రాములు కూడా ఉండదు, కాస్త గాలి వీచినా పక్కకి పోతుంది, కాబట్టి పొద్దున్నే గానీ సాయంత్రం గాలి తగ్గాక గానీ ఆడాలి. నాన్న వెనక వరసలో ఆడేవారు (అక్కడా వెనకే). కాజీపేట డ్యూటీ పడి రెస్టు ఎక్కువ దొరికితే వరంగల్ వెళ్లి జె. పిచ్చయ్య గారి ఆట చూసి వచ్చేవారు. పిచ్చయ్య గారు మన కృష్ణా జిల్లాలో పుట్టి వరంగల్‌లో స్థిరపడిన మహా ఆటగాడు, 1970లో అర్జున అవార్డు వచ్చింది. ఆ వార్త పేపర్లో పడిన రోజు నాన్న మా అందరికీ జీళ్లు కొని తెచ్చారట, అమ్మ చెబుతుంది. పిచ్చయ్య గారు నూరేళ్లు దాటి బతికారు, 2021లో పోయారు. అప్పుడు నాన్నకి ఎనభై తొమ్మిది. రోజంతా ఆయన సర్వీసు ఎలా ఉండేదో, మణికట్టు ఎలా తిప్పేవారో గాల్లో చూపిస్తూనే ఉన్నారు.

గార్డు ఉద్యోగంలో ఆటలకి టైము ఎక్కడిదని అడుగుతారు. నాకూ ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యమే. రాత్రి ఒంటిగంటకో రెండింటికో, డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ సైకిలు మీద వచ్చి "గార్డు గారూ, కాల్" అని కేకేసేవాడు, నాన్న లేచి పుస్తకంలో సంతకం పెట్టేవారు, ఆ లోపల అమ్మ పొయ్యి వెలిగించేది. తిరిగి ఏ మర్నాడు మధ్యాహ్నానికో వచ్చేవారు. వేరే ఊరి రన్నింగ్ రూమ్‌లో, అంటే బండి సిబ్బంది దిగే విడిదిలో, తోటివాళ్లు పేకాడుకుంటుంటే ఈయన కాసేపు పడుకుని లేచి ఊరు చూడ్డానికి పోయేవారు. రాజమండ్రిలో గోదావరి, బిట్రగుంట నుంచి దగ్గరలో సముద్రం, గూడూరు చుట్టుపక్కల నిమ్మతోటలు. తెచ్చేది కూడా మాకోసమే తెచ్చేవారు, నిమ్మకాయలు, గవ్వలు, పూతరేకులు. తాగుడు లేదు, పేకాట లేదు. జీతం కవరు విప్పకుండా తెచ్చి అమ్మ చేతికి ఇచ్చేవారు. ఆ కవరులోంచి రాకెట్టుకి నరాలు కట్టించుకోవడానికి డబ్బులు అడిగి తీసుకునేవారు, అమ్మ కూరగాయల లెక్క చూసి ఇచ్చేది. అమ్మ "వచ్చే నెల" అంటే వచ్చే నెలే.

ఇక ఈత.

మా క్వార్టర్స్‌కి దగ్గరలో ఏలూరు కాలువ. వేసవిలో కాలువ కట్టేస్తారు, జూన్‌లో కొత్తనీళ్లు వదులుతారు. నీళ్లు వదిలి నాలుగు రోజులై, చెత్తా చెదారం కొట్టుకుపోయి, నీరు కాస్త తేరుకున్నాక మా బడి మొదలయ్యేది. నడుముకి జీలుగు బెండ్లు కట్టి దింపేవారు. వారం తర్వాత ఒక బెండు తీసేవారు, ఇంకో వారానికి ఇంకోటి. మనకి తెలియకుండానే ఒకరోజు బెండు లేకుండా తేలుతూ ఉంటాం. అన్నయ్యకి నేర్పినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. 1973లో నన్ను తీసుకెళ్లినప్పుడు మాత్రం క్వార్టర్స్‌లో పెద్ద గొడవ. ఆడపిల్ల, అందరూ చూస్తుండగా కాలువలో ఈతా అని. మా నాయనమ్మ ఒక పూట అన్నం తినలేదు. నాన్న ఎవరితోనూ వాదించలేదు. నాయనమ్మ దగ్గర కూర్చుని "కాలువ పక్కన ఇల్లు, పిల్ల ఎప్పుడైనా జారి పడితే నేను ఏ గూడూరులోనో ఉంటాను, దాన్ని ఎవరు తీస్తారమ్మా?" అని ఒక్కటే అడిగారు. నాయనమ్మ దగ్గర జవాబు లేదు. అమ్మ నాన్న పాత యూనిఫారం, ఆ తెల్ల డ్రిల్లు గుడ్డ, చింపి నాకు పొడుగు చేతుల చొక్కా, లాగు కుట్టింది. తడిస్తే బరువుగా వేలాడేది, అయినా అందులోనే నేర్చుకున్నా. మరుసటి ఏడు చెల్లి, దాని వెనక పక్క క్వార్టర్స్ ఆడపిల్లలు కూడా వచ్చారు. ఇప్పుడు ఆ కాలువలో ఎవరూ దిగలేరు, మురుగు కలిసిపోయింది, వంతెన మీద నుంచి వెళుతుంటే ముక్కు మూసుకోవాలి. కడుపు తరుక్కుపోతుంది.

కృష్ణలోకి మమ్మల్ని తీసుకెళ్లింది కాలువలో పూర్తిగా కుదిరాకే. ఆయన చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "వాలుకి ఎదురీదితే చేతులు పడిపోతాయి తప్ప ఒడ్డు రాదు. నీళ్లతో పాటే పోతూ కొంచెం కొంచెం ఒడ్డు వైపు జరుగుతూ ఉండు. దిగిన చోటికే రావాలని పంతం వద్దు. అర మైలు కింద తేలినా ఒడ్డు ఒడ్డే." నదిలో పోయేవాళ్లలో ఎక్కువమంది ఈత రాక పోరనీ, ఎదురీది అలసిపోయి పోతారనీ ఆయన అభిప్రాయం. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో ఎగువ వైపు మమ్మల్ని మోకాలి లోతుకి కూడా దిగనిచ్చేవారు కాదు. పైకి నీరు నిదానంగానే కనిపిస్తుంది, అడుగున గేటు వైపు లాగుతూ ఉంటుందని చెప్పేవారు. బ్యారేజీ కట్టింది 1957లో. అంతకుముందు అక్కడ ఉన్న ఆనకట్ట, 1850లలో కాటన్ దొర కాలంలో కట్టింది, 1952లో తెగినప్పుడు నాన్నకి ఇరవై ఏళ్లు, ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో చదువు. తెగిన చోట నీళ్లు పోయిన తీరు కళ్లారా చూశానని చెప్పేవారు. నది మీద ఆయనకున్న భయం అక్కడే పుట్టిందేమో. అవును, భయమే. ఆయనకి కృష్ణ అంటే భయం ఉంది, అందుకే అన్నేళ్లు అందులో ఈదగలిగారు.

పెద్దకర్మ రోజు చెప్పిన వరద ఈత కథ నిజమే. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, ఆగస్టు కొత్తనీళ్లలో, ఎర్రటి నీళ్లు, నాన్న అవతలి ఒడ్డుకి వెళ్లారు. కానీ ఆ కథ చెప్పేవాళ్లు ఎవరూ పడవ సంగతి చెప్పరు. పక్కన పడవ ఉంది. అందులో ఇద్దరు బెస్తవాళ్లు, ఒక మోకు, గాలి నింపిన లారీ ట్యూబు. ముందు రోజంతా నాన్న ఆ బెస్తవాళ్లతో ఒడ్డున కూర్చుని సుళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో, దుంగలు ఏ వైపు కొట్టుకొస్తున్నాయో చూశారు. వాళ్లు ఆ రోజు వద్దంటే వెనక్కి వచ్చి, మళ్లీ వాళ్లు సరేనన్న రోజు వెళ్లారు. ఇంత చేసినా ఇంటికొచ్చాక అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు దుర్గమ్మ గుడికి తీసుకెళ్లి పిల్లల పెళ్లిళ్లు అయ్యేదాకా వరద నీళ్లలో దిగనని ఒట్టు వేయించుకుంది. నాన్న ఒట్టు తప్పలేదు. పక్కవాళ్లు ఎంత రెచ్చగొట్టినా ఆగస్టులో ఒడ్డున నిలబడి చూసేవారు, అంతే. మా చెల్లి పెళ్లి 1990 వైశాఖంలో అయింది. ఆ ఏడు శ్రావణంలో ఒకరోజు జుట్టు తడిగా ఇంటికొచ్చారు. అమ్మ తువ్వాలు తెచ్చిచ్చింది, ఏమీ అనలేదు.

హంసలదీవి సైకిలు ప్రయాణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది సరదా ప్రయాణం అని చాలామంది అనుకుంటారు. కాదు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. నాకు పదమూడేళ్లు. బెజవాడలోనే ఆ రాత్రి తలుపులు విరిగిపోతాయేమో అన్నట్టు గాలి. రెండు మూడు రోజులకి గానీ అక్కడ ఏం జరిగిందో పూర్తిగా తెలియలేదు. పదివేల మందికి పైగా పోయారు. రైల్వే వాళ్లు బియ్యం, పాత బట్టలు పోగుచేసి లారీలో పంపారు, రోడ్డు మీద చెట్లు అడ్డంగా పడి లారీ ఒకచోట ఆగిపోయింది. నాన్నా ఇంకొందరూ అక్కడి నుంచి సైకిళ్ల మీద బస్తాలు కట్టుకుని, చెట్టు అడ్డం వస్తే సైకిలు భుజాన ఎత్తుకుని దాటుతూ చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరారు. అక్కడి నుంచి ఇంకా కిందకి, సముద్రం వైపు. సెలవు పెట్టి వెళ్లారు, సెలవు అయిపోయేదాకా రాలేదు. వచ్చిన రోజు ఇంట్లోకి రాకుండా నేరుగా పంపు దగ్గరికి వెళ్లి సబ్బు తెమ్మన్నారు. చాలాసేపు రుద్దుకున్నారు. అక్కడ చేసిన పని బియ్యం పంచడం ఒక్కటే కాదని మాకు అర్థమైంది, ఆయన చెప్పకుండానే. తర్వాత జీవితంలో దాని గురించి నాతో అన్నది ఒకే ఒక్క మాట. "ఈత వచ్చినవాళ్లూ పోయారమ్మా. చెట్టు పట్టుకున్న వాళ్లు మిగిలారు." ఆ సంక్రాంతి సెలవుల్లో క్వార్టర్స్ వెనక వేపచెట్టుకి మోకు కట్టి మా అందరికీ చెట్టెక్కడం, మోకు పట్టుకుని వేలాడటం నేర్పారు. ముళ్లున్న చెట్టైనా వదలకూడదని చెప్పారు. ఉప్పెనలో తుమ్మచెట్లు పట్టుకుని బతికినవాళ్లని చూసి వచ్చిన మనిషి.

రైల్వే వాళ్లకి ఏటా ఫ్రీ పాసులు ఉంటాయి. చాలామంది తిరుపతికో, పెళ్లిళ్లకో వాడుకునేవాళ్లు. మా ఇంట్లో పాసు చేతికి రాగానే నాన్న నేల మీద ఇండియా మ్యాపు పరిచేవారు, అమ్మ పక్కన కూర్చుని ఏ ఊళ్లో చలి ఎంత, ఏ స్టేషన్లో భోజనం దొరుకుతుంది అని అడిగేది. అమ్మ లేకుండా ఆయన ఏ పాసు ప్రయాణమూ చేయలేదు. కేదారం ప్రయాణం 1991లో. నాన్న, అమ్మ, ఇద్దరు మేనత్తలు, నేను, మా ఆయన, అన్నయ్య వాళ్లు. జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి హరిద్వార్, బస్సులో గౌరీకుండ్. అక్కడి నుంచి 14 కిలోమీటర్ల నడక. నాన్న ఎప్పటిలాగే వెనక. సగం దూరంలో రామ్‌బాడా అని ఒక మజిలీ. అక్కడికి చేరేసరికి మా పెద్దత్తకి ఆయాసం, పెదాలు నల్లబడ్డాయి. వాన మొదలైంది. గుర్రం ఎక్కిద్దాం, డోలీ మాట్లాడదాం అని తలో మాట అంటున్నాం. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎత్తుకి పోయేకొద్దీ ఆయాసం పెరుగుతుంది, తగ్గదు. నేను దీన్ని తీసుకుని దిగిపోతాను. మీరు వెళ్లి దర్శనం చేసుకు రండి" అన్నారు. తన టార్చి, విజిలు అన్నయ్యకి ఇచ్చి "ఇవాళ నువ్వు చివర నడు" అని చెప్పి, అత్తని పట్టుకుని గౌరీకుండ్ దిగిపోయారు. యాభై ఏళ్లుగా హిమాలయాల గురించి పేపరు కటింగులు దాచుకున్న మనిషి. 1953లో టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన వార్త ఉన్న పేపరు ముక్క ఆయన ట్రంకు పెట్టెలో ఇంకా ఉంది. ఏడు కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి దిగిపోయారు, మేము కిందకి వచ్చేసరికి అత్తకి వేడి పాలు తాగిస్తూ కూర్చుని ఉన్నారు. మొహంలో కొంచెం కూడా వెలితి లేదు. "గుడి ఎలా ఉంది, చెప్పండి చెప్పండి" అని అడిగి అడిగి చెప్పించుకున్నారు.

పన్నెండేళ్లకి, 2003లో, డెబ్భై ఒకటో ఏట, మా అబ్బాయిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు, ఈసారి పైదాకా. అందరూ చెప్పేది ఈ రెండో ప్రయాణం కథే. నాకు మాత్రం మొదటిదే పెద్దది. 2013 జూన్‌లో కేదారం వరదలు వచ్చి రామ్‌బాడా మొత్తం కొట్టుకుపోయినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేదు. అక్కడ మాకు టీ ఇచ్చిన కుర్రాడు ఎలా ఉన్నాడో అని అడిగారు, ఎవర్నో కాదు, టీవీనే.

రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఒకటుంది. కృష్ణ మొత్తం చూడాలి. పద్నాలుగు వందల కిలోమీటర్ల నది, మనం చూసేది చివరి ముక్కే కదా అనేవారు. ఒకేసారి కాదు, పాసు దొరికినప్పుడు, అమ్మ ఒంట్లో బాగున్నప్పుడు, కొన్నేళ్ల మీద. పాత మహాబలేశ్వర్ గుడిలో ఆవు నోట్లోంచి పడే ధార దగ్గర మొదలుపెట్టారు. నర్సోబావాడి, కూడలసంగమం, ఎండాకాలం శ్రీశైలం నీళ్లు తగ్గాక బయటపడే సంగమేశ్వరం, పాతాళగంగ, నాగార్జునకొండకి లాంచీ, మూసీ వచ్చి కలిసే వాడపల్లి, అమరావతి. ప్రతి చోటా ఇద్దరూ దిగి స్నానం చేయడం, ఒక చిన్న గులకరాయి తెచ్చుకోవడం. అమ్మ దాన్ని తీర్థయాత్ర అంటుంది, నాన్న ఈత అనేవారు. చివరిది కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. ఉప్పెన తర్వాత అక్కడికి మళ్లీ వెళ్లడం అదే మొదలు. అక్కడ మాత్రం రాయి తీసుకోలేదని అమ్మ చెప్పింది.

తర్వాతి ఏళ్లు త్వరగా చెప్పేస్తాను. 2002 నవంబరులో ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియా, వెస్టిండీస్ వన్డేకి మనవళ్లందర్నీ తీసుకెళ్లారు, ఇండియా ఓడిపోయింది, పిల్లలు ఏడిస్తే శామ్యూల్స్ ఎలా కొట్టాడో చూడండ్రా అని ఇంటిదాకా వాళ్లకి వర్ణించుకుంటూ వచ్చారు. 2014లో మన తెలుగు పిల్ల పూర్ణ పదమూడేళ్లకి ఎవరెస్టు ఎక్కితే ఆ ఫొటో 1953 పేపరు ముక్క పక్కన పెట్టుకున్నారు. 2016 పుష్కరాలు, ఎనభై నాలుగేళ్లు, ఘాట్‌లో నడుము లోతు నీళ్లలో నిలబడి నాలుగు మునకలు, నడుముకి మా అబ్బాయి చెయ్యి. ఆ పుష్కరాల మధ్యలోనే సింధు రియో ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడింది. మొదటి గేమ్ 21-19 గెలవగానే మంచం మీద నిలబడబోయారు, అమ్మ కూర్చోబెట్టింది. 2023లో జ్యోతి సురేఖ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చినప్పుడు సంబరం ఇంకా ఎక్కువ, మన బెజవాడ అమ్మాయి, పైగా నాలుగేళ్లప్పుడే కృష్ణలో ఐదు కిలోమీటర్లు ఈదిన పిల్ల. "చూశావా అమ్మా, ఆడపిల్లకి ఈతా అన్నారు" అని నాకేసి చూశారు. నాయనమ్మ ఉండి ఉంటే బాగుండేదని ఇద్దరం అనుకున్నాం.

ఎనభై దాటాక సైకిలు మానేశారు, మేము అడగకుండానే. ఏలూరు రోడ్డులో ఒక లారీ హారన్ ఆలస్యంగా వినిపించిందట. ఇంటికొచ్చి సైకిలు తుడిచి, నూనె వేసి, పనమ్మాయి కొడుక్కి ఇచ్చేశారు. చెవి పట్టనప్పుడు రోడ్డెక్కడం తప్పు అన్నారు. ఆ తర్వాత గ్రౌండు దాకా నడక. ఆడలేకపోయినా గట్టు మీద కూర్చుని స్కోరు చెప్పేవారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగింది మీకు తెలుసు కదా. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇటు సింగ్‌నగర్ మునిగింది. మా చెల్లి ఇల్లు అక్కడే, కింద వాటా మొత్తం నీళ్లు. తొంభై రెండేళ్ల మనిషి ఫోను పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. నాకు టెన్షన్‌తో కాళ్లు చేతులు ఆడటం లేదు, ఆయన గొంతు మాత్రం డ్యూటీలో ఉన్నట్టే ఉంది. కరెంటు మెయిన్ ఆపావా? తాగే నీళ్లు పైకి చేర్చావా? పారే నీళ్లలో మోకాలి పైకి ఉంటే నడవద్దు, పడవ వచ్చేదాకా డాబా దిగొద్దు. అందరూ పైనే ఉన్నారా, లెక్కపెట్టి చెప్పు. కాసేపటికి మళ్లీ ఫోను, మళ్లీ లెక్క. పక్కింటి ముసలావిడ కింద గదిలో ఒక్కతే ఉండిపోయిందని ఆ లెక్కలోనే తేలింది. మా చెల్లి కొడుకు, పక్క డాబా కుర్రాళ్లు మోకు కట్టుకుని దిగి ఆమెని పైకి తెచ్చారు. మోకు కట్టడం వాళ్లకి తాతయ్య నేర్పిందే.

ఆ చలికాలంలో మెత్తబడ్డారు. సంక్రాంతికి అందరం ఇంట్లోనే ఉన్నాం. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు, ఏ బాధా లేకుండా. అమ్మకి ఎనభై ఆరు. ధైర్యంగా ఉంది. రాళ్ల డబ్బా తీసి మనవరాళ్లకి ఏ రాయి ఎక్కడిదో చెబుతూ ఉంటుంది, రెండు మూడింటి దగ్గర తడబడుతుంది, అప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఇది చదివేవాళ్లలో బెజవాడ రైల్వే వాళ్లు ఎవరైనా ఉంటే ఒక సాయం కావాలి. 1960ల్లో నాన్న వాళ్ల బాల్ బ్యాడ్మింటన్ టీము ఫొటో ఒకటి తీశారు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ ముందు, పదిమంది దాకా ఉంటారు, తెల్ల నిక్కర్లు. మా కాపీ క్వార్టర్స్ ఖాళీ చేసేటప్పుడు పోయింది. మీ ఇంట్లో మీ నాన్నగారిదో తాతగారిదో పాత ఆల్బమ్ ఉంటే ఒకసారి చూడండి. వెనక వరసలో, కుడి చివర నిలబడి, కెమెరా వైపు కాకుండా తన వాళ్ల వైపు చూస్తున్న పొడుగాటి మనిషి కనిపిస్తే ఆయనే.